ఆఖరి పదహారు పేజీలు

ఫిబ్రవరి 1, ఆదివారం

వ్యాయామం: కొండదారిలో నాలుగు కిలోమీటర్లు. అందులో మూడు నడక. నడకలో కొంత కూర్చోవడం.
వంటింటి గోడ: రేపు.

ప్రెస్సులో మిగిలిపోయిన కాగితంతో ఈ డైరీ నేనే కుట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి పుస్తకాలకీ బైండింగ్ చేస్తున్నానే గానీ, నాకంటూ ఒక్కటి చేసుకున్న పాపాన పోలేదు. దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇందులో అన్నీ నిజాలే రాస్తాను.

మొదటి నిజం: నేను కొండ పరుగుల గుంపులో చేరింది ఆరోగ్యం కోసం. మా ఆవిడ మూడేళ్ళుగా అందులో ఉందని కాదు.

ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయి డెబ్బై రోజులైంది. ఎంతో దూరం కాదు, రెండు వీధుల అవతలే. కొట్లాటేమీ జరగలేదు. సూట్‌కేసు మూత వేస్తూ, "గోడ ఎప్పుడవుతుంది?" అని అడిగింది. రెండేళ్ళ కిందట వంటింటి గోడకి సగం దాకా నీలం వేసి నిచ్చెన దిగాను. మళ్ళీ ఎక్కలేదు. "అయిపోవచ్చింది" అన్నాను. "ఆ మాట ఇంకొక్కసారి వింటే నా బుర్ర పగిలిపోతుంది" అని వెళ్ళిపోయింది. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అని అప్పుడు నాకు కోపం కూడా వచ్చింది.

కొండ దగ్గర ఆవిడ నన్ను 'మీరు' అంటోంది. పధ్నాలుగేళ్ళు 'నువ్వు' అన్న మనిషి. ఇవాళ, "మీరు కాస్త పక్కకి తప్పుకుంటారా, వెనక జనం వస్తున్నారు" అంది. తప్పుకున్నాను. వెనక ఎవరూ లేరు. నా వెనక ఎప్పుడూ ఎవరూ ఉండరు.

ఫిబ్రవరి 3, మంగళవారం

వ్యాయామం: వార్మప్. తర్వాత మోకాలు నొప్పి.
గోడ: రేపు.

వదిన, అంటే ఆవిడ అక్క, సబ్బుల కొట్టు దగ్గర కనబడింది. మా ఆవిడ పనిచేసే కంటి ఆసుపత్రి వాళ్ళు వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి తెరిచారట, హెడ్ నర్సుగా రమ్మంటున్నారట. మార్చి మొదటి వారంలోగా ఆవిడ జవాబు రాయాలి.

"అది వెళ్ళేలాగే ఉంది మరిదిగారూ" అంది వదిన, సబ్బులు వాసన చూస్తూ. "మీరేమైనా చేసేదుంటే ఇప్పుడే చెయ్యండి. తర్వాత మీరిద్దరూ నా ప్రాణం తియ్యకండి."

ఫిబ్రవరి 4, బుధవారం

అడిగేశాను. వాటర్ బాటిల్ నింపుకుంటుంటే పక్కన నిలబడి, "వెళ్తున్నావా?" అన్నాను. అంతకంటే పెద్ద వాక్యానికి ఊపిరి చాల్లేదు.

"కొండ రేసు అయ్యాక ఆలోచిస్తాను" అంది. "మీరూ పేరిచ్చారట కదా. ఇరవై ఒక్క కిలోమీటర్లు. పూర్తి చేస్తారా?"

"చేస్తాను."

"చూద్దాం" అని మూత బిగించింది.

రేసు మార్చి ఒకటిన. నేను పూర్తి చేస్తే ఆవిడ వెళ్ళదు. ఇలాగని ఆవిడ అనలేదు. నేనే అనుకున్నాను. కానీ అంతే.

ఫిబ్రవరి 8, ఆదివారం

వ్యాయామం: ఐదు కిలోమీటర్లు, ఒక అబద్ధం.
గోడ: రేపు.

మా గుంపులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. ఆదివారం పరుగయ్యాక కొండ కింద బండల మీద గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ పరుగు మీద తాము చదివిన పుస్తకం గురించి చెప్పాలి. చెప్పలేనివాళ్ళు యాభై గుంజీలు తియ్యాలి. ఈ నియమం పెట్టింది మా కెప్టెను పళ్ళ డాక్టరమ్మ. రోజంతా క్లినిక్కులో "నోరు తెరవండి" అని, పొద్దున్న ఇక్కడ "నోరు మూసుకుని ముక్కుతో పీల్చండి" అంటుంది. మెళ్ళో విజిలొకటి.

ఇవాళ పోస్ట్‌మాన్, ఎడారిలో ఎనిమిది రోజులు పరిగెత్తినవాడి ఆత్మకథ గురించి చెప్పాడు. రిటైర్డ్ హెడ్మాస్టారు ఊపిరి మీద నాలుగొందల పేజీల గ్రంథం గురించి చెప్పి మా ఊపిరి తీశారు. ఆవిడ మంచులో ఒంటరిగా పరిగెత్తిన ఒకామె కథ చెప్పింది. చాలా బాగా చెప్పింది. 'ఒంటరిగా' అన్నప్పుడు నా వైపు చూసిందని నాకనిపించింది.

నా వంతు వచ్చింది. ఇప్పటిదాకా నేను బైండు చేసిన పుస్తకాలు లక్ష ఉంటాయి, చదివినవి తొమ్మిది. మోకాలు చూస్తే గుంజీలకి ఒప్పుకోవడం లేదు. అందరూ చూస్తున్నారు. ఆవిడ కూడా చూస్తోంది.

"కొండతో మర్యాద" అన్నాను.

"ఏమిటీ?" అంది డాక్టరమ్మ.

"పుస్తకం పేరు. ఒక ముసలి కొండ గైడు రాసింది. పాతది. కొండని మనం నువ్వు అనకూడదంటాడు. మీరు అనాలి. ఎక్కేముందు 'కొండగారూ, వస్తున్నాం' అని చెప్పాలి. మలుపు దగ్గర 'దయచేసి' అనాలి. దిగేటప్పుడు రెండు చేతుల్లో నిండు గ్లాసులున్నట్టు దిగాలి."

ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. అందరూ తలలూపారు. హెడ్మాస్టారైతే కళ్ళు మూసుకుని మరీ ఊపారు.

ఫిబ్రవరి 9, సోమవారం

వ్యాయామం: కొండ ఎక్కి దిగడం నాలుగుసార్లు చెయ్యమన్నారు. రెండు.

గుంపులో పధ్నాలుగు మందీ కొండ ముందు వరసగా నిలబడి "కొండగారూ, వస్తున్నాం" అన్నారు. నేను నవ్వాపుకోవడానికి లేసు కట్టుకున్నాను.

పోస్ట్‌మాన్ తన టైము ఒకటిన్నర నిమిషం తగ్గించాడు. పైనుంచి రెండు నిండు గ్లాసులు పట్టుకున్నట్టు దిగొచ్చి నా చేతులు పట్టుకుని, "ఇరవయ్యేళ్ళ నుంచీ కొండని ఒరేయ్ అంటున్నానండీ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆవిడ తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. డెబ్బై తొమ్మిది రోజుల్లో మొదటిసారి.

"ఆ పుస్తకం నాకోసారి ఇస్తారా?"

"ఇస్తాను. ఇంట్లో ఎక్కడో ఉంది, వెతకాలి."

"ఇంట్లోనా? ఆ ఇంట్లో నేను పధ్నాలుగేళ్ళు దుమ్ము దులిపాను" అంది.

"ప్రెస్సులో ఉందనుకుంటా."

ఫిబ్రవరి 13, శుక్రవారం

మూడు రోజులుగా మధ్యాహ్నం అన్నం వేళ ప్రెస్సు కంప్యూటరు ముందు కూర్చుని రాస్తున్నాను. ముసలి గైడు వద్దన్నా మాట్లాడుతున్నాడు. ఇవాళ మూడో అధ్యాయంలో, కొండ ఎక్కేటప్పుడు అబద్ధం ఆడకూడదన్నాడు. అబద్ధానికీ ఎత్తుకీ కలిపి ఊపిరి చాలదట. ఎవడు చెప్పమన్నాడు వీణ్ణి?

ఫిబ్రవరి 14, శనివారం

వ్యాయామం: లేదు. బైండింగ్.
గోడ: పుస్తకం అయ్యాక.

అయిపోవచ్చింది. పదహారేసి పేజీల ఫారాలు ఐదు, అంటే ఎనభై పేజీలు అచ్చు వేశాను. టీ నీళ్ళలో ముంచి ఆరబెడితే కాగితం నలభై ఏళ్ళ నాటిదైపోయింది. కుట్టాను, వెన్నుకి జిగురు పట్టించాను, ఆకుపచ్చ గుడ్డ అట్ట వేశాను. ఆఖరి అధ్యాయం ఒక్కటే తట్టలేదు. 'చివర వచ్చేవాడు' అని విషయసూచికలో పేరు మాత్రం పెట్టేశాను. గైడు అక్కడికి వచ్చేసరికి నోరు మెదపడం లేదు. దానికని ఆరో ఫారం ఒకటి తెల్లగానే పెట్టి కుట్టేశాను. పదహారు పేజీలు. అయినా ఆఖరిదాకా చదివేవాళ్ళెవరు?

ఫిబ్రవరి 15, ఆదివారం

వ్యాయామం: ఏడు కిలోమీటర్లు. ఒక్కసారే కూర్చున్నాను.

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. డాక్టరమ్మ లాక్కుంది, పోస్ట్‌మాన్ ముద్దు పెట్టుకున్నాడు. హెడ్మాస్టారు అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచారు.

"ఇది రెండో ముద్రణ. నా దగ్గర మొదటిది ఉండేది. ఎవరో పట్టుకుపోయారు" అన్నారు.

ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకోబోయాను, వదల్లేదు.

"అందులో రచయిత ఫోటో ఉండేది. గుబురు మీసం. బూట్ల మీద ఒక అధ్యాయం ఉండాలే, ఇందులో తీసేశారు చూడండి. ఎడమ బూటు ముందు వేసుకోవాలని రాశాడు."

నా గైడుకి మీసం లేదు. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ ఏమని వాదించను? అందరూ ఆయన్నే చూస్తున్నారు. నేను పుస్తకం తెచ్చినవాణ్ణి, ఆయన మొదటి ముద్రణ చదివినవాడు. ఆయనదే పైచెయ్యి.

ఫిబ్రవరి 16, సోమవారం

ఎడమ బూటు ముందు వేసుకున్నాను. నిజంగానే తేడా ఉంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

వ్యాయామం: కొండ ఎక్కి దిగడం నాలుగుసార్లు. నాలుగూ చేశాను.

పుస్తకం చేతులు మారుతోంది. ఆవిడ చదివి డాక్టరమ్మకిచ్చింది, ఆమె పోస్ట్‌మాన్‌కిచ్చింది. అందరూ మూడో అధ్యాయం చదివేసినట్టున్నారు. ఎక్కుతున్నంతసేపూ నిజాలే. మొదటి మలుపులో పోస్ట్‌మాన్, ఇన్నేళ్ళుగా జనం కార్డులన్నీ చదివే ఇచ్చేవాణ్ణని చెప్పాడు. రెండో మలుపులో డాక్టరమ్మ, తన పన్ను ఒకటి పుచ్చిందనీ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయమనీ చెప్పింది. విజిల్ వెయ్యడం కూడా మరిచిపోయింది.

హెడ్మాస్టారు మోకాలు పట్టేసిందని కింద ఉండిపోయారు.

మూడో మలుపులో ఆవిడ నా పక్కకి వచ్చింది. నా కోసం నెమ్మదించిందని రాసుకోవాలని ఉంది. లేదు, నేనే కాస్త వేగం పెరిగాను. "మీరేం చెప్పరా?" అంది.

"గోడ రంగు డబ్బా ఎండిపోయింది" అన్నాను. "ఏడాదైంది. చెప్పలేదు."

ఆవిడ ముందుకెళ్ళిపోయింది. విచిత్రమేమిటంటే నాకు ఊపిరి చాలింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పుస్తకం తిరిగి ఆవిడ దగ్గరికే చేరింది.

"ఈ పుస్తకం కుట్టినవాడిది ఎడమచేతివాటం. ముడి అటు తిరిగింది. టీ వాసన కూడా వస్తోంది" అంది.

"పాత పుస్తకం కదా, ఎవరో టీ ఒలకబోసుంటారు."

"పేజీ పేజీకీనా?" అంది.

పట్టుకోలేదు. ఏదో మాటవరసకి అంది, అంతే. ఊళ్ళో నాలాంటి ఎడమచేతివాటం వాళ్ళు ఎంతమంది లేరు.

ఫిబ్రవరి 22, ఆదివారం

వ్యాయామం: పధ్నాలుగు కిలోమీటర్లు. నమ్మబుద్ధి కావడం లేదు గానీ డాక్టరమ్మ వాచీ కూడా అదే చెప్పింది.

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

బండల మీద కూర్చున్నాక డాక్టరమ్మ, "వచ్చే ఆదివారమే రేసు. ఆఖరి అధ్యాయం చదువుకుని ముగిద్దాం. ఎవరు చదువుతారు?" అంది. నా గుండె జారి బూట్లలో పడింది. ఎడమ బూటులో.

"నేను చదువుతాను" అని ఆవిడ పుస్తకం తెరిచింది.

నేను ఆవిడ వెనకే కూర్చున్నాను. తెల్ల పేజీ నాకు కనబడుతోంది. ఆవిడకీ కనబడుతోంది. ఒక అక్షరం లేదు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"చివర వచ్చేవాడు" అని చదివింది. "చివర వచ్చేవాడి కోసం ఎవరూ ఆగరాదు. ఆగితే వాడికి అది అలవాటైపోతుంది." వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది. "వాడి నీళ్ళ సీసా ఇంకొకరు మోయరాదు. వాడి సగం పని ఇంకొకరు చెయ్యరాదు. పధ్నాలుగేళ్ళు చేసినా వాడు గమనించడు." ఇంకో పేజీ. "పై మలుపులోంచి 'అయిపోవచ్చింది' అని వాడు అరుస్తాడు. నమ్మరాదు. వాడు చెడ్డవాడు కాడు. ఆ మాట అన్నప్పుడు వాడికి నిజంగానే అయిపోవచ్చినట్టు ఉంటుంది. అదే వాడి జబ్బు."

ఆవిడ పేజీలు సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడ తిప్పుతోంది. పదిహేను పేజీలు అలాగే అయ్యాయి.

"వాడు రావాలి" అని పదహారో పేజీ చదివింది. "ఎంత ఆలస్యమైనా తన కాళ్ళతో తానే రావాలి. వచ్చాక మాట్లాడదాం." పుస్తకం మూసేసింది.

పోస్ట్‌మాన్ ముక్కు చీదుకున్నాడు. హెడ్మాస్టారు గట్టిగా తలూపి, "అక్షరం పొల్లుపోలేదు. మొదటి ముద్రణలోనూ ఇంతే" అన్నారు.

నేను లేసు కట్టుకోవడానికి వంగాను. చాలాసేపు కట్టుకున్నాను.

ఫిబ్రవరి 25, బుధవారం

వ్యాయామం: మెట్లు, ఇరవైసార్లు.

రంగు కొట్టుకి వెళ్ళాను. ఆ నీలం ఇప్పుడు రావడం లేదట.

ఫిబ్రవరి 28, శనివారం

విశ్రాంతి. భయంగా ఉంది. ఇక్కడ రాసుకోవడానికేం, చాలా భయంగా ఉంది. రేపు కొండ మీద సగంలో ఆగిపోతే ఆవిడ ఆ ఊరికి వెళ్ళిపోతుంది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరుండదు.

మార్చి 1, ఆదివారం

వ్యాయామం: ఇరవై ఒక్క కిలోమీటర్లు.

రాస్తుంటే వేళ్ళు కూడా నొప్పి.

ఆరు గంటలకి రెండొందల మంది బయల్దేరాం. మా గుంపు "కొండగారూ, వస్తున్నాం" అనగానే పక్క గుంపులు నవ్వాయి. మొదటి ఎత్తుకే వాళ్ళూ మొదలుపెట్టారు. ఇంకాసేపటికి కొండంతా "దయచేసి, దయచేసి" అని వినబడింది. ఆవిడ తొలి మలుపులోనే కనుమరుగైపోయింది.

పన్నెండో కిలోమీటరుకి నేను ఒక్కణ్ణే మిగిలాను. నిజానికి ఒక్కణ్ణే కాదు, వెనక ఒకాయన ఉన్నాడు. దారి చూపించే జెండాలు పీక్కుంటూ రావడం ఆయన పని. ఆఖరివాణ్ణి దాటకూడదట. నేను నడిస్తే ఆయన నడిచాడు, నేను కూర్చుంటే ఆయన కూర్చున్నాడు. పదిహేనో కిలోమీటరు దగ్గర నీళ్ళ బల్ల మడిచేస్తున్నారు. పక్కన జీపు.

"జీపెక్కెయ్యండి సార్, టైమైపోయింది. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు జెండాల ఆయన.

జీపులో మెత్తటి సీటు ఉంది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది.

"ఇంకెంత ఉందనుకుంటున్నారు?" అన్నాడు.

ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ అలవాటు. మింగేశాను.

"ఇంకా చాలా ఉంది" అన్నాను. "ఆరు కిలోమీటర్లుంది. నా వల్ల అవుతుందో లేదో తెలీదు. పదండి."

ఆయనకి ఏమనిపించిందో, చంకలో జెండాలు సర్దుకుని వెనకే వచ్చాడు. కొండగారిని ఎన్నిసార్లు బతిమాలుకున్నానో లెక్క లేదు. ఒకచోట ఏడ్చాను. జెండాల ఆయన మర్యాదగా అటు తిరిగాడు.

గడువు నాలుగు గంటలు. నేను చేరేసరికి బయల్దేరి ఐదు గంటలు దాటింది. ముగింపు దగ్గర గాలి ఊది నిలబెట్టిన గేటుకి గాలి తీసేశారు, అది నేల మీద పడుకుని ఉంది. దాని మీంచి దాటాను. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, కుర్చీలు లారీ ఎక్కుతున్నాయి. మెడల్సు పెట్టె మూసేశారు.

బండ మీద ఆవిడ కూర్చుని ఉంది. రెండున్నర గంటల్లో పూర్తి చేసిందట, మెడలో మెడల్. ముందుకి వంగి బూటు పట్టుకుని ఉంది.

"నేనేం ఆగలేదు" అంది తలెత్తకుండా. "లేసు ఊడింది."

"ఎప్పుడు?"

"ఇందాక."

పక్కన రెండు ఖాళీ నీళ్ళ సీసాలు, సగం చదివి తిరగేసిన ఒక పుస్తకం ఉన్నాయి. మొహం ఒక్క వైపే ఎండకి కమిలిపోయింది.

"అయిపోయిందా?" అంది.

నేను తలూపాను.

"కూర్చో" అంది. "నువ్వు పడిపోయేలా ఉన్నావు."

నువ్వు అంది. రెండుసార్లు రాసుకుంటాను. నువ్వు అంది.

మార్చి 5, గురువారం

వ్యాయామం: నిచ్చెన ఎక్కడం, దిగడం. నలభై ఒక్కసార్లు.
గోడ: అయిపోయింది.

రెండు నీలాలూ కలవలేదు. మధ్యలో గీత తెలుస్తోంది. దగ్గర నుంచి చూసినా తెలుస్తోంది, దూరం నుంచి చూసినా తెలుస్తోంది. ఆవిడ పొద్దున్న పరుగు నుంచి సరాసరి ఇటే వచ్చి నిచ్చెన పట్టుకుంది. ఆవిడ బూట్లు గుమ్మం దగ్గర నా బూట్ల పక్కనే ఉన్నాయి. లేసులు ఎప్పటిలాగే రెండేసి ముళ్ళు వేసి ఉన్నాయి. మూడేళ్ళుగా ఆవిడ కట్టే ముడి అదే. అది దానంతటది ఊడే ముడి కాదు.

ఆఖరి మూల పూర్తి చేసి, పైనుంచే అడిగాను. "ఆసుపత్రికి జవాబు రాయాలట కదా. రాశావా?"

"అయిపోవచ్చింది" అంది.

"అంటే ఏమని రాస్తున్నావు?"

"చెప్పానుగా, అయిపోవచ్చింది." నిచ్చెన మాత్రం వదల్లేదు.

అయిపోయిన మూలకే బ్రష్షుతో ఇంకోసారి రంగు వేశాను. ఆ మాట వింటే ఒళ్ళు ఇంతలా మండుతుందని పధ్నాలుగేళ్ళుగా నాకెవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పింది, నేనే వినలేదు.